పాత కంప్యూటరుతో ఇంటి సర్వరు

స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దున ఉన్న సెర్న్ పరిశోధనాలయములో 1990 వ సంవత్సరాంతమున ఒక నల్లని చిన్న కంప్యూటరు పనిచేయుచుండెను. దాని పెట్టెకు ఒక చీటి అంటించి, ఈ యంత్రము సర్వరు, దీనిని ఆపవద్దు అని ఎఱ్ఱసిరాతో వ్రాసియుంచిరి. టిమ్ బెర్నర్స్-లీ అను శాస్త్రజ్ఞుడు ప్రపంచములోని మొట్టమొదటి వెబ్ సర్వరును నడిపినది ఆ యంత్రము మీదనే. అది అందులకై ప్రత్యేకముగా నిర్మించిన మహాయంత్రము కాదు. ఒక మనుష్యుడు బల్లవద్ద కూర్చుండి వాడుకొను కంప్యూటరే.

సర్వరు అను మాట వినగానే చల్లని గదులలో వరుసలుగా నిలిపిన ఇనుప బీరువాలు తలపునకు వచ్చును. కాని సర్వరు అనునది ఒక యంత్రము పేరు కాదు. యంత్రము చేయు పనికి పేరు. ఆ పనిని ఒక కార్యాలయము వాడి విడిచిపెట్టిన కంప్యూటరు కూడ చేయగలదు. అయితే పాత యంత్రము ఏదో ఒకనాడు చెడిపోవుట నిశ్చయము. చెడిపోయిన నాడు కూడ అందులోని సమాచారము నష్టము కాకుండ ముందుగా ఏర్పాటు చేసికొనుటయే ఈ విద్యలోని సారము.

సర్వరు అనగా నేమి?

గ్రంథాలయములో పాఠకుడు తనకు కావలసిన గ్రంథము పేరు చీటిపై వ్రాసి ఇచ్చును. గుమాస్తా అలమరలో వెదకి దానిని తెచ్చి ఇచ్చును. ఇక్కడ పాఠకుని వంటిది క్లయింటు. గుమాస్తా వంటిది సర్వరు. గుమాస్తాకు గొప్ప దేహబలము అక్కరలేదు. పనివేళలందు తన స్థానమును విడువకుండుట, ఏ గ్రంథము ఎక్కడ ఉన్నదో ఎరుగుట, గ్రంథములను చెడకుండ కాపాడుట అతని ముఖ్య ధర్మములు.

ఇంటి సర్వరు పని కూడ ఇట్టిదే. ఇంటిలోని వారందరి ఫోటోలను, ముఖ్యమైన పత్రములను, పిల్లల పాఠములను, పాటలను ఒకచోట భద్రపరచి, ఎవరు ఏ ఫోను నుండి అడిగినను అందించుట దాని పని. నలుగురైదుగురు అడుగు ఇట్టి చిన్న పనులకు పది సంవత్సరముల క్రిందటి ప్రాసెసరు చాలును. దీనికి తెర, కీబోర్డు కూడ నిత్యము అక్కరలేదు. మొదట సాఫ్ట్‌వేరు ఎక్కించునప్పుడు వాటిని తగిలించి, తరువాత తీసివేయవచ్చును. ఆ పిమ్మట యంత్రమును ఇంకొక కంప్యూటరు నుండియే నడిపించవచ్చును.

పాతదానితో ఏల?

అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను విద్యార్థులు 1996 ప్రాంతమున తమ శోధన యంత్రమును నిర్మించుచున్నప్పుడు, ఒక్కొక్కటి 4 గిగాబైట్ల డిస్కులను పదింటిని ఒకచోట చేర్చి, పిల్లలు ఆడుకొను లెగో ముక్కలతో వాటికి గూడు కట్టిరి. గూగుల్ సంస్థకు మూలము ఆ ప్రయత్నమే. ఉపకరణముల సొగసుకంటె వాటిని కూర్చిన తెలివి ముఖ్యమని చెప్పుటకు ఇంతకంటె మంచి నిదర్శనము అక్కరలేదు.

పాత కంప్యూటర్లకు నేడు కొరత లేదు. విండోస్ 10 అను నిర్వాహక వ్యవస్థకు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసెను. దాని తరువాతి విండోస్ 11 కొన్ని క్రొత్త ప్రాసెసర్లను, ఒక ప్రత్యేక భద్రతా భాగమును కోరును. ఇందువలన చక్కగా పనిచేయుచున్న యంత్రములనేకము కార్యాలయములనుండి బయటికి వచ్చినవి. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, చెన్నైలోని రిచీ వీధి, బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు వంటి చోట్ల ఇట్టి సరకును అమ్మువారు, బాగుచేయువారు కలరు.

దీనికి మరియొక ముఖము కూడ కలదు. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారము 2022 లో ప్రపంచమున పోగుపడిన ఎలక్ట్రానిక్ వ్యర్థము 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో సక్రమముగా సేకరించి తిరిగి వినియోగములోనికి తెచ్చినట్లు నమోదైనది నూటికి 22.3 వంతులు మాత్రమే. సీసము మొదలైన విషపదార్థములు గల ఈ వ్యర్థములో ఒక యంత్రము మరి ఐదేండ్లు ఆలస్యముగా చేరినను లాభమే.

కొనుటకు ముందు పరీక్ష

పశువును కొనువాడు పండ్లు చూచి, నడిపించి చూచును. పాత యంత్రమునకు కూడ అట్టి పరీక్ష కలదు.

మొదట పెట్టె మూత తీయించి లోపల చూడవలెను. ప్రధాన పలకపై చిన్న డబ్బాల వలె నిలిచి యుండునవి కెపాసిటర్లు. వాటి తల ఉబ్బినను, క్రింద జిగురు వంటి ద్రవము కారినను ఆ యంత్రమును విడిచిపెట్టవలెను. రెండవది మెమరీ. దీనిని పరీక్షించుటకు మెమ్‌టెస్ట్ అను ఉచిత సాఫ్ట్‌వేరు కలదు. అది మెమరీలోని ప్రతి గడిలోను అంకెలు వ్రాసి, తిరిగి చదివి సరిచూచును. దానిని ఒక రాత్రియంతయు నడుపుట మంచిది. ఒక్క తప్పు కనబడినను ఆ మెమరీ పలకను మార్చవలెను.

నిజమైన సర్వరు యంత్రములలో తప్పులను తమంతట తాము దిద్దుకొను మెమరీ ఉండును. ఈ విద్యకు ఆద్యుడు బెల్ పరిశోధనాలయమునకు చెందిన రిచర్డు హామింగ్. వారాంతములలో తాను నడుపుమని ఇచ్చిన లెక్కలను యంత్రము ఏదో ఒక తప్పు కనుగొని వదలివేయుచుండగా, తప్పు ఉన్నదని తెలిసికొనగల యంత్రము అది ఎక్కడ ఉన్నదో కూడ తెలిసికొనలేదా అని ఆయన ఆలోచించెను. ఆ ఆలోచన ఫలితము 1950 లో ప్రచురితమైనది. నేడు అట్టి మెమరీలో 64 బిట్ల సమాచారమునకు తోడుగా 8 బిట్లు కాపలా ఉండి, ఒక బిట్టు తప్పినచో దిద్దును. ఇది ఉన్న మంచిదే. లేకున్నను ఇంటి పనికి అడ్డు లేదు.

మూడవది నెట్‌వర్కు ద్వారము. అది సెకనుకు 1000 మెగాబిట్లు పంపగలదో, 100 మెగాబిట్లు మాత్రమే పంపగలదో అడిగి తెలిసికొనవలెను. ఒక బైటునకు 8 బిట్లు. కనుక మొదటి దానిలో సెకనుకు 125 మెగాబైట్లు, రెండవదానిలో 12.5 మెగాబైట్లు మించి పోవు. 4000 మెగాబైట్ల ఫైలు మొదటి దారిని ఇంచుమించు 32 సెకనులలో చేరును. రెండవ దారిలో 5 నిమిషముల 20 సెకనులు పట్టును.

డిస్కు విషయము వేరు. దానిని గూర్చి ముందు విపులముగా చెప్పబడును. యంత్రము పాతదైనను డిస్కు క్రొత్తదానిని కొనుట ఉత్తమమని మాత్రము ఇక్కడ గుర్తుంచుకొనిన చాలును. పాత డిస్కు కూడ వచ్చినచో, అందులోని పూర్వపు యజమాని సమాచారమును చదువక, మొత్తము తుడిచివేయుట మర్యాద.

మేత లెక్క

ఏనుగును కొనుటకంటె మేపుట కష్టము. సర్వరు రేయింబవళ్ళు పనిచేయునది గనుక, కొన్న ధరకంటె అది తిను విద్యుత్తును ముందు లెక్కింపవలెను. 1000 వాటుల యంత్రము ఒక గంట పనిచేసిన ఒక యూనిట్టు ఖర్చగును. సంవత్సరమునకు 8,760 గంటలు.

ఊరక ఉన్నప్పుడు 30 వాటులు తీసికొను కార్యాలయపు కంప్యూటరు సంవత్సరమునకు సుమారు 263 యూనిట్లు ఖర్చు చేయును. యూనిట్టు వెల 7 రూపాయలని లెక్కకొరకు అనుకొనిన, ఇది 1,840 రూపాయలు. అరచేతి వెడల్పు గల చిన్న కంప్యూటరు 10 వాటులతో పనిచేసినచో 88 యూనిట్లు, 613 రూపాయలు. పెద్ద సంస్థలు తీసివేసిన రెండు ప్రాసెసర్ల సర్వరు 150 వాటులు తీసికొనినచో 1,314 యూనిట్లు, 9,198 రూపాయలు! పైగా దాని పంకాల మ్రోతకు ఇంటిలో నిద్ర పట్టదు. చవుకగా దొరికినదని పెద్ద సర్వరును కొనువారు మొదటి సంవత్సరపు కరెంటు బిల్లుతోనే ఆ చవుకను పోగొట్టుకొందురు. గోడకున్న సాకెట్టునకు, యంత్రపు ప్లగ్గునకు మధ్య పెట్టు వాటుమీటరు దొరుకును. ఊహించుటకంటె దానితో కొలిచి చూచుట మేలు.

శుభ్రము, వేడిమి

పాత యంత్రములకు మొదటి శత్రువు దుమ్ము. అది పంకాల రెక్కలకు, వేడిని బయటికి పంపు లోహపు పలకలకు కంబళివలె పట్టుకొనును. ప్లగ్గు తీసి, పంకా తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతోను బ్లోయరుతోను దుమ్మును తొలగింపవలెను. ప్రాసెసరునకు, దానిపై లోహపు దిమ్మెకు నడుమ ఉన్న లేపనము సంవత్సరముల తరబడి ఎండి పెళుసెక్కును. పాతదానిని స్పిరిటుతో తుడిచి, శనగగింజంత క్రొత్త లేపనము పెట్టిన చాలును. రెండు లోహములు ఎంత నునుపైనను వాటి నడుమ సూక్ష్మమైన గాలిసందులు ఉండును; గాలి వేడిని సరిగా పోనీయదు. ఆ సందులను పూడ్చుటకే ఈ లేపనము.

వేడిమి ఏల తగ్గింపవలెను? కెపాసిటర్లలోని ద్రవము వేడికి క్రమముగా ఇంకిపోవును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన వాటి ఆయువు ఇంచుమించు సగమగునని యంత్రకారుల లెక్క. కనుక గోదావరి లోయలో, రాయలసీమలో వేసవి మధ్యాహ్నములందు మూసిన అలమరలో సర్వరును ఉంచరాదు. గాలి ఆడు చోట, నేలకు కొంత ఎత్తున ఉంచవలెను.

ప్రధాన పలకపై గుండ్రని బిళ్ళ వంటి 3 వోల్టుల బ్యాటరీ ఉండును. యంత్రమును ఆపినప్పుడు కాలమును లెక్కించుచుండునది అదే. పాత యంత్రములో ఇది నిస్సారమై, తేదీ తప్పిపోవుట సర్వసాధారణము. కొద్ది రూపాయల ఖర్చుతో ముందే మార్చవచ్చును. విద్యుత్తును మార్చి ఇచ్చు పెట్టెను మాత్రము విద్యార్థులు ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును.

పాత లాప్‌టాపును సర్వరుగా వాడుట కూడ కలదు. అది తక్కువ విద్యుత్తు తీసికొనును. కరెంటు పోయినను దాని బ్యాటరీ కొంతసేపు నిలుపును. కాని ఎల్లప్పుడు ఛార్జిలో ఉన్న పాత బ్యాటరీ ఉబ్బి నిప్పంటుకొను అపాయము కలదు. ఉబ్బు కనబడిన వెంటనే వాడుట మాని, బ్యాటరీని నిపుణునిచేత తీయించవలెను.

సాఫ్ట్‌వేరు

ఇంటి సర్వర్లలో ఎక్కువగా వాడబడునది లైనక్సు. ఫిన్లాండు దేశములోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991 లో దీనిని ప్రారంభించెను. దీనిని ఎవరైనను వెల లేకుండ తీసికొనవచ్చును, చదువవచ్చును, మార్చవచ్చును. డెబియన్ వంటి లైనక్సు రూపములు పాత యంత్రములపై తేలికగా నడచును. విండోస్ కంప్యూటర్లు లైనక్సు సర్వరులోని ఫైళ్ళను తమవే అన్నట్లు తెరచుటకు సాంబా అను సాఫ్ట్‌వేరు తోడ్పడును. 1992 లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ దీనికి పునాది వేసెను. మారిన ఫైళ్ళను మాత్రమే గుర్తించి నకలు తీయు ఆర్‌సింక్ అను పనిముట్టు రూపకర్తలలో కూడ ఆయన ఒకడు. అది 1996 లో వెలువడెను.

సర్వరును ఇంటి రౌటరునకు తీగతో కలుపవలెను. ఎల్లప్పుడు ఒకే చిరునామా ఉండునట్లు రౌటరులో నిర్ణయింపవలెను. ఇంటి లోపలి చిరునామాలు సాధారణముగా 192.168 అను అంకెలతో మొదలగును. ఇవి వీధి పేరు లేక గది సంఖ్య మాత్రమే వ్రాసిన జాబుల వంటివి. ఇంటి బయట వాటికి అర్థము లేదు. ఇందువలన సర్వరు బయటివారికి కనబడక సురక్షితముగా ఉండును. ఊరినుండి కూడ దానిని వాడవలెనను కోరికతో రౌటరులో నేరుగా ద్వారము తెరచుట తగదు. అట్లు తెరచిన ద్వారములను వెదకుటకు ప్రపంచమంతట యంత్రములు నిరంతరము తిరుగుచున్నవి. వైర్‌గార్డు వంటి రహస్య సొరంగ మార్గమును ఏర్పరచుకొనిన, తాళపుచెవి గల వారి ఫోనులు మాత్రమే లోపలికి రాగలవు. సర్వరు సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు దిద్దుబాట్లతో నవీకరించుట, పొడవైన పాస్‌వర్డులు వాడుట తప్పనిసరి.

డిస్కు ఆయువు

హార్డు డిస్కులో నునుపైన పళ్ళెములు నిమిషమునకు 7,200 సార్లు, అనగా సెకనుకు 120 సార్లు తిరుగును. సంవత్సరము పొడుగున తిరిగిన సుమారు 378 కోట్ల చుట్లు. ఆ పళ్ళెమునకు పైన, కొద్ది నానోమీటర్ల ఎత్తున, చదువు సూది గాలిపై తేలుచుండును. మనుష్యుని వెంట్రుక మందము సుమారు 70,000 నానోమీటర్లు. ఇంత సూక్ష్మమైన ఏర్పాటు సంవత్సరముల తరబడి పనిచేయుటయే ఆశ్చర్యము. చెడిపోవుట ఆశ్చర్యము కాదు.

డిస్కు తన ఆరోగ్యమును తానే ఒక పట్టికలో వ్రాసికొనును. దీనికి స్మార్ట్ అని పేరు. అది ఎన్ని గంటలు పనిచేసినది, ఎన్ని గడులు పాడై వాటికి బదులు వేరు గడులను వాడుకొన్నది మొదలగు విషయములు అందులో ఉండును. 43,800 గంటలు అని ఉన్న, అది ఐదు సంవత్సరములు నిరంతరము తిరిగినదని అర్థము. పాడైన గడుల సంఖ్య పెరుగుచున్న డిస్కును నమ్మరాదు.

అయితే పట్టికలో దోషము లేదని ధైర్యపడుట కూడ పొరపాటే. గూగుల్ పరిశోధకులు లక్షకు మించిన డిస్కులను పరిశీలించి 2007 లో ఫలితములు ప్రకటించిరి. ఉపరితల పరీక్షలో మొదటి తప్పు కనబడిన డిస్కు, తప్పులేని డిస్కుకంటె ఆ తరువాతి 60 దినములలో చెడిపోవు అవకాశము 39 రెట్లు. అనగా హెచ్చరిక వచ్చినచో అది నిజమైన హెచ్చరికయే. కాని చెడిపోయిన డిస్కులలో సగమునకు పైగా ముఖ్యమైన నాలుగు సూచనలలో ఏ ఒక్కటియు చూపకయే చెడిపోయినవి. అంటే హెచ్చరిక రాకపోవుట క్షేమమునకు గుర్తు కాదు.

చవుక డిస్కుల బలము

మంచి డిస్కు దొరకనప్పుడు చవుక డిస్కులనే పెక్కింటిని కలిపి నమ్మదగిన దానిని చేయవచ్చునా? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కట్జ్ అనువారు ఈ ప్రశ్నకు 1988 లో సమాధానము చెప్పిరి. చిన్న డిస్కు ఒకటి సగటున 30,000 గంటలు పనిచేయునని తీసికొనినచో, అట్టివి నూటిని కలిపిన ఏదో ఒకటి సగటున 300 గంటలలో, అనగా పండ్రెండున్నర దినములలో చెడును. కాబట్టి ఊరక కలిపిన లాభము లేదు. ఒకటి చెడినను మిగిలినవి దాని సమాచారమును తిరిగి చెప్పగలిగినట్లు కలుపవలెను. ఈ పద్ధతికి రెయిడ్ అని పేరు.

దాని కీలకమును నల్లబల్లపై చూపవచ్చును. మూడు డిస్కులలో ఒక్కొక్క బిట్టు 1, 0, 0 అని ఉన్నవనుకొనుడు. నాల్గవ డిస్కులో, మొత్తము ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అగునట్లు 1 వ్రాయవలెను. ఇప్పుడు మొదటి డిస్కు చెడినది. మిగిలినవి 0, 0, 1. ఒకట్ల సంఖ్య బేసి. సరి కావలెనన్న పోయినది 1 అయియుండవలెను. మూడింటిలో ఏది పోయినను ఇట్లే తిరిగి రాబట్టవచ్చును. ఈ చిన్న లెక్కను కోట్లకొలది బిట్లకు చేయుటయే ఆ యంత్రము పని. డిస్కులు రెండే ఉన్న ఇంటిలో ఒకదానిలో వ్రాసినదే రెండవదానిలో కూడ వ్రాయు అద్దపు పద్ధతి సుకరము.

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదమును విద్యార్థులు గ్రహింపవలెను. రెయిడ్ డిస్కు చెడుటనుండి కాపాడును గాని మనుష్యుని తప్పునుండి కాపాడదు. ఒక ఫోటోను పొరపాటున చెరిపిన, అద్దములో కూడ అది అదే క్షణమున చెరిగిపోవును. వైరసు వచ్చి ఫైళ్ళను పాడుచేసిన రెండు డిస్కులలోను పాడగును. కాబట్టి రెయిడ్ నకలు కాదు.

నకలులోని రహస్యము

ఒక పాత డిస్కు సంవత్సరములో చెడిపోవు సంభావ్యత నూటికి 5 అనుకొందము. అట్టివే రెండు డిస్కులలో ఒకే ఫోటో ఉన్నది. రెండును చెడిపోవు సంభావ్యత 5/100 × 5/100, అనగా 400 కి ఒకటి. మూడైనచో 8,000 కి ఒకటి. పాత సరకుతో కూడ గొప్ప క్షేమము సాధ్యమని ఈ లెక్క చెప్పుచున్నది.

కాని ఈ గుణకారము చేయుటకు ఒక నియమము కలదు. ఒకటి చెడుటకు, రెండవది చెడుటకు సంబంధము ఉండరాదు. రెండు డిస్కులును ఒకే పెట్టెలో, ఒకే కరెంటు తీగపై ఉన్న ఒక్క పిడుగు రెండింటిని కాల్చగలదు. ఒకే అలమరలో ఉన్న ఒక్క దొంగతనముతో రెండును పోవును. 2024 సెప్టెంబరు మొదటి వారమున బుడమేరు పొంగి విజయవాడలోని పెక్కు పేటలు దినముల తరబడి నీటిలో ఉన్నవి. అట్టి ఇంటి క్రింది అంతస్తులో పది నకళ్ళు ఉన్నను ఒక్కటితో సమానమే. నకళ్ళ సంఖ్యకంటె వాటి పరస్పర స్వాతంత్ర్యము ముఖ్యము.

ఇందుకొరకే 3-2-1 అను సూత్రము ఏర్పడినది. పీటర్ క్రోగ్ అను అమెరికా ఛాయాచిత్రకారుడు దీనిని ప్రచారములోనికి తెచ్చెను. ముఖ్యమైన సమాచారము మూడు ప్రతులు ఉండవలెను. అవి రెండు విధములైన సాధనములపై ఉండవలెను. ఒకటి వేరొక చోట ఉండవలెను. ఇంటి సర్వరులో ఒకటి, విడిగా తీసిపెట్టిన డిస్కులో ఒకటి, మరియొక ఊరిలోని బంధువుల ఇంట ఒకటి ఉన్న చాలును. మూడవదానిని పండుగలకు ఊరికి వెళ్ళినప్పుడెల్ల మార్చి రావచ్చును. దానిని తాళపు సంకేతముతో భద్రపరచిన, పోయినను పరులు చదువలేరు.

వేరొక చోట ఉన్న నకలు విలువను 1998 నాటి ఒక సంఘటన చాటినది. అమెరికాలోని పిక్సార్ సంస్థ టాయ్ స్టోరీ 2 అను బొమ్మల చలనచిత్రమును నిర్మించుచుండగా, పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞతో ఆ చిత్రపు ఫైళ్ళలో అధికభాగము చెరిగిపోయెను. నకళ్ళు తీయు ఏర్పాటు ఉండెను. కాని తీయగా చూడగా ఆ నకళ్ళు కొంతకాలముగా సరిగా పడుటలేదని అప్పుడే తెలిసెను. గాలిన్ సస్మన్ అను సాంకేతిక నిపుణురాలు, శిశువును చూచుకొనుచు ఇంటినుండి పనిచేయుటకై, తన ఇంటి కంప్యూటరులో చిత్రపు ప్రతి ఒకటి ఉంచుకొని యుండెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా కార్యాలయమునకు చేర్చిరి. చిత్రము తిరిగి లభించెను.

ఈ సంఘటనలో పాఠములు రెండు కలవు. దూరముగా ఉన్న ప్రతి రక్షించెను. అంతకంటె పెద్ద పాఠము: తిరిగి తీసి చూడని నకలు నకలు కాదు, నమ్మకము మాత్రమే.

పోషణ

సర్వరును నిలిపిన తరువాత దాని పోషణకు వేళలు ఏర్పరచుకొనవలెను. నకలు తీయుట ప్రతి రాత్రియు యంత్రమే తనంతట తాను చేయునట్లు అమర్చవచ్చును. వారమునకొకసారి సాఫ్ట్‌వేరు దిద్దుబాట్లను ఎక్కించి, నకలు నిజముగా పడినదో లేదో చూడవలెను. నెలకొకసారి డిస్కు ఆరోగ్యపు పట్టికను చదివి, పాడైన గడుల సంఖ్యను ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. ఒకనాటి అంకెకంటె నెలనెలకు అది మారు తీరు ఎక్కువ విషయము చెప్పును. మూడు నెలలకొకసారి దుమ్ము దులుపవలెను. వేసవికి ముందు పంకాలను, ఉరుముల కాలమునకు ముందు ఎర్తు తీగను, యు.పి.ఎస్. బ్యాటరీని పరీక్షింపవలెను. కరెంటు పోయినప్పుడు యు.పి.ఎస్. సంకేతము అందుకొని సర్వరు తనంతట తాను క్రమముగా ఆగిపోవునట్లు చేయవచ్చును. వ్రాయుచున్న నడుమ హఠాత్తుగా ఆగుట ఫైళ్ళకు హానికరము.

ఆ నోటుపుస్తకములోనే యంత్రపు చిరునామా, ఏ డిస్కు ఎప్పుడు కొన్నది, ఏ సాఫ్ట్‌వేరు ఎట్లు అమర్చినది వ్రాసి ఉంచవలెను. సర్వరును అమర్చిన వ్యక్తి ఊరిలో లేనినాడు ఇంటిలోని మిగిలినవారు ఆ పుస్తకము చూచి దానిని నడుపగలిగి యుండవలెను.

పాఠశాలలో

ఉన్నత పాఠశాలలలో ఈ ప్రయోగమునకు మరియొక ఉపయోగము కలదు. ఇంటర్నెట్టు లేని చోట, లేక ఉన్నను మాటిమాటికి నిలిచిపోవు చోట, వికీపీడియాను మొత్తముగా ఒక డిస్కులో నింపి చదువుకొనుటకు కివిక్స్ అను ఉచిత సాఫ్ట్‌వేరు తోడ్పడును. తెలుగు వికీపీడియా కూడ ఆ రూపమున లభించును. ఒక్క పాత కంప్యూటరులో దానిని ఎక్కించి, ఒక రౌటరునకు కలిపిన, ప్రయోగశాలలోని యంత్రములన్నియు బయటి ఇంటర్నెట్టు లేకయే దానిని చదువగలవు. పాఠ్యపుస్తకములు, ప్రయోగముల చిత్రములు, పూర్వపు ప్రశ్నపత్రములు కూడ అందులోనే ఉంచవచ్చును.

విద్యార్థులకు ఒక అభ్యాసము ఇవ్వవచ్చును. సర్వరులో పది ఫైళ్ళు ఉంచి, నకలు తీయవలెను. తరువాత ఉపాధ్యాయుడు వాటిలో మూడింటిని చెరిపి, డిస్కు తీగను కూడ ఊడదీయవలెను. విద్యార్థులు గడియారము చూచుకొని, నకలు నుండి వాటిని వేరొక కంప్యూటరులో తిరిగి నిలుపవలెను. ఎంతసేపు పట్టినది, ఏది దొరకలేదు, ఏల దొరకలేదు అను మూడు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనవలెను. మొదటిసారి ఏదో ఒక లోపము బయటపడుట సహజము. ఆ లోపము ప్రయోగశాలలో బయటపడినచో దిద్దుకొనవచ్చును. డిస్కు నిజముగా చెడిన నాడు బయటపడినచో దిద్దుకొను మార్గము ఉండదు.